పోటు మీద కొలత

భూషణం బావ ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఇవాళ సుందరరాజు చీకటితో లేచి వచ్చి హద్దు గుర్తుగా పాతిన ఈ తాటిమొద్దు పక్కన ఇంకో మొద్దులాగా నిలబడాల్సిన అగత్యం ఉండేది కాదు. నోరు మూసుకోవడం భూషణానికి పుట్టుకతో రాలేదు. పన్నెండేళ్ళ కిందట ఈ దిబ్బ కొలవడానికి మొదటి సర్వేయరు వస్తున్నాడని కబురు తెలిసిన సాయంత్రం, వాకిట్లో మంచం మీద బాసింపట్టు వేసుకుని, సరోజిని అక్క పెట్టిన రొయ్యల వేపుడు వేళ్ళు నాకుతూ, "పెద్దాయన బూట్లేసుకుని వస్తాడ్రా బావమరిదీ, బురదలో నడిపిస్తావా ఏంటి? పౌర్ణమి చూసి పోటు మీద తీసుకెళ్ళు. సరాసరి రాళ్ళ మీద దిగుతాడు, కాలు తడవదు" అన్నాడు. ఆ మాట సుందరరాజుకు అమృతంలా వినపడింది. వినపడదా మరి, పడవెక్కిన పెద్దమనిషి కాలు తడవకుండా ఒడ్డున దింపడం తాత నాటి మర్యాద. పెళ్ళికొడుకైనా, పాస్టరుగారైనా, పురుడుకొచ్చిన నర్సమ్మైనా, అంచు తడిస్తే పడవవాడికి తలవంపులు. పౌర్ణమి దాకా ఆగి, పోటు నిండుగా ఉన్నప్పుడు తీసుకొచ్చాడు. రాయి అందని చివరి రెండు గజాలూ ఆయన్ను వీపు మీద ఎక్కించుకుని మోశాడు. ఆయన బూట్లు సుందరరాజు డొక్కల్లో గుచ్చుకున్నాయి. "బలే ఒంటె దొరికిందయ్యా" అని నవ్వాడాయన. సుందరరాజు కూడా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే సొంత పళ్ళు ఊడబెరుక్కోవాలనిపిస్తుంది.

తూరుపు ఇంకా బూడిదరంగులోనే ఉంది. కాళ్ళ కింద ఇసక గట్టిగా, చల్లగా ఉంది, పొడిగా కూడా ఉంది. ఇది చూడండి, పొడిగా ఉంది, చూడండి సార్, అని ఎవరికో చెప్తున్నట్టు బొటనవేలితో గీశాడు. రావాల్సినవాళ్ళు ఇప్పుడే వస్తే సరిపోతుంది. ఇవాళ అమావాస్య, పోటు ఎక్కువ. సూర్యుడు తాటిచెట్టంత పైకొచ్చేసరికి నీళ్ళు ఈ ఇసకమేట మీదకు ఎక్కుతాయి. ఎక్కేలోపు కొలిస్తే నేల, ఎక్కాక కొలిస్తే సముద్రం. అష్టమినాడు రండి మహాప్రభో, అష్టమికి పోటు పొట్టిగా ఉంటుంది, పగలంతా ఆరే ఉంటుంది అని బందరు ఆఫీసులో ఎన్నిసార్లు మొరపెట్టుకున్నాడు. అష్టమి అన్నారు, ఆ రోజు ఎవరో మంత్రిగారి ప్రోగ్రాం వచ్చింది. మళ్ళీ అష్టమి అన్నారు, సర్వేయరమ్మకు గుడివాడలో డ్యూటీ వేశారు. తిప్పి తిప్పి అమావాస్య మీద పడేశారు. "ఆ రోజుతో కొలతలు ఆన్‌లైన్లో లాక్ అయిపోద్ది, తర్వాత కలెక్టరుగారు చెప్పినా తెరుచుకోదు" అన్నాడు గుమస్తా, తాళం తన మొలతాడుకే ఉన్నట్టు.

దిబ్బ అంటే రాళ్ళొక్కటే కాదు. ఈ ముక్క పన్నెండేళ్ళుగా చెప్తున్నాడు, చెప్పి చెప్పి గొంతులోనే కాయ కాసింది. కృష్ణ సముద్రంలో పడేచోట, హంసలదీవి ఒడ్డుకు పడవమీద అరగంట దూరంలో, ఈ నల్లరాళ్ళ గుట్ట. ఈ సీమలో గులకరాయి కావాలన్నా దొరకదు, అంతా ఒండ్రుమట్టే. ఈ రాళ్ళు ఇక్కడివి కావు. ఒలందా దొరలు, అదే డచ్చివాళ్ళు, బందరుకు వచ్చిన రోజుల్లో ఖాళీ ఓడలు అలకు తూలకుండా అడుగున రాళ్ళు నింపుకొచ్చేవాళ్ళట, ఇక్కడ రాళ్ళు పారబోసి బట్టల మూటలు నింపుకుని వెళ్ళేవాళ్ళట. పెడన అద్దకం పని చీరలు, దుప్పట్లు ఓడలెక్కి పోయాయి, ఎవరి ఊళ్ళోవో ఈ రాళ్ళు ఇక్కడ మిగిలాయి. మన బట్ట వాడికి, వాడి రాయి మనకి. తర్వాత వాళ్ళే రాళ్ళు పేర్చి దీపస్తంభం కట్టారు. అది కూలి మొండెం మిగిలింది. ఆ మొండెం మీద లాంతరు పెట్టే పని తాత వెంకటస్వామిది. అప్పటికి ఇంకా బాప్తిస్మం పుచ్చుకోలేదు, పేరు ఆఖరు దాకా అదే ఉండిపోయింది. నది మొగలోకి వచ్చే పడవలకు అదొక్కటే గుర్తు. దీపం పెట్టినందుకు జీతం లేదు. రాళ్ళకు ఉత్తరంగా ఉన్న ఈ ఇసకమేట నువ్వు అనుభవించుకో అన్నారు ఊరి పెద్దలు, ఉప్పుకొఠారు దొర కూడా సరేనన్నాడు. రాళ్ళు పిట్టలవీ దీపానివీ, మేట మనది. మేట మీద ఎండిన చేపలో ఇసకరేణువు ఉండదు, ఈగ వాలదు, రెండువైపులా గాలి. గుడివాడ సంతలో 'దిబ్బచేప' అంటే పక్క గంపల వంక చూసేవాళ్ళు కాదు ఆడవాళ్ళు. ఇప్పుడు పెళ్ళాం కృప తారురోడ్డు మీద ఎండబెడుతోంది. లారీ పోతే దుమ్ము, ఆటో పోతే పొగ, కుక్క పోతే చెప్పక్కర్లేదు.

నీళ్ళ చప్పుడు మారింది. నీళ్ళు తీసే పాటులో సముద్రం నోట్లో ఏదో నములుతున్నట్టుంటుంది, పోటు మొదలైతే ఊపిరి తీసినట్టుంటుంది. మారింది. సుందరరాజు ఒడ్డు వైపు చూశాడు. బోటు లేదు. బారులు తీరిన పిట్టలు మాత్రం నీటి అంచున నిలబడి ఉన్నాయి, సముద్రపు కాకులు, కత్తెర తోక తెల్లపిట్టలు. అన్నీ గాలికెదురుగా ముక్కులు పెట్టుకుని, ప్రార్థనలో నిలబడ్డ సంఘంలాగా. వాటికి తెలుసు ఎక్కడిదాకా నేలో. ఎక్కడ గుడ్డు పెట్టాయో చూస్తే చాలదా. రాళ్ళ మీద పెట్టవు తెల్లపిట్టలు, మేట మీదే, గవ్వల మధ్య, ఏ గూడూ కట్టకుండా. అదే అడిగాడు బందరు ఆఫీసులో, "పిట్టలు సముద్రంలో గుడ్లు పెడతాయాండీ?" అని. "అయితే ఆ పిట్టల్ని తీసుకొచ్చి సాక్ష్యం చెప్పించవయ్యా, ఆధార్ కార్డు కూడా తెమ్మను" అన్నాడు గుమస్తా. ఆఫీసంతా నవ్వింది. ఫ్యాను కూడా నవ్వినట్టే తిరిగింది.

ఆరో క్లాసులో మాస్టారు చదివించాడు, ద్వీపము అనగా నలువైపులా నీటిచే చుట్టబడిన భూభాగము. సుందరరాజు లేచి నిలబడి అడిగాడు, "పోటులోనా మాస్టారూ, పాటులోనా?" అని. వెటకారమనుకుని చింతబరికెతో పిక్కల మీద కొట్టాడు. వెటకారం కాదు మాస్టారూ, నిజంగానే అడిగాను. పాటులో ఒక దేశం, పోటులో ఒక దేశం. తెలిసినవాళ్ళెవరూ చెప్పలేదు, ఆ రోజూ చెప్పలేదు, ఈ రోజూ చెప్పడం లేదు. ఆ ఏడాదే బడి మానేసి పడవెక్కాడు. దెబ్బల వల్ల కాదు. తాతకు కళ్ళు మసకేశాయి, లాంతరు చిమ్నీ తుడిచేవాడు కావాలి. చదువుకుని ఉంటే మొదటి సర్వేయరు గీసిన కాగితం మీద సంతకం పెట్టేవాడా? చదవడం రాక కాదు, చదివాడు, కూడబలుక్కుని చదివాడు. ఉత్తరం సముద్రం, దక్షిణం సముద్రం, తూర్పు సముద్రం, పడమర సముద్రం. ఎంత బాగుందో అనుకున్నాడు. బైబిల్లో వాక్యంలా ఉంది అనుకున్నాడు. నలుదిక్కులా సముద్రమే సరిహద్దుగా ఉన్న ఆసామి ఈ తాలూకాలో ఇంకెవడున్నాడు అని పొంగిపోయి, కొత్త పెన్నుతో, వంకర లేకుండా పెట్టాడు సంతకం. మధ్యలో ఉన్నది ముప్ఫై ఒక్క సెంట్ల రాయి అని, అది సర్కారుదని, తన మేట ఆ ఉత్తరపు సముద్రంలో మునిగి ఉందని ఇంటికొచ్చి అన్నం తింటున్నప్పుడు తట్టింది. ముద్ద నోట్లోనే ఉంది. కృప "ఉప్పెక్కువైందా?" అని అడిగింది.

ఉప్పెన నాటికి సుందరరాజుకు నాలుగేళ్ళు. అమ్మ ముఖం గుర్తులేదు. తాత ఒంటి వాసన గుర్తుంది, కిరసనాయిలు, తడి తాడు. వలతాడుతో తనను ఆ మొండి స్తంభానికి కట్టి, పైన తను కావలించుకుని పడుకున్నాడు తాత. రాత్రంతా అల మీద అల. ఆ నల్లరాళ్ళు కదల్లేదు, ఎవడి దేశపు రాళ్ళో. తెల్లారి చూస్తే ఊరు లేదు, ఊరుండాల్సిన చోట నీళ్ళు, నీళ్ళ మీద ఏం తేలుతున్నాయో చూడకుండా తాత అరచెయ్యి తన కళ్ళ మీద. నాన్న, అమ్మ, అమ్మ చంకలో చెల్లెలు. అక్క సరోజిని మాత్రం బందరులో పిన్నమ్మ ఇంట్లో ఉండబట్టి మిగిలింది. ఇంట్లోని కాగితం, శిస్తు రసీదు, తాతకు ఉప్పుకొఠారు దొర ఇచ్చిన చీటీ, అన్నీ పోయాయి. మనుషులే పోయాక కాగితాలకు ఏడ్చేదెవరు. మనుషులకంటే ముందు పిట్టలు తిరిగొచ్చాయి. మేట మీద గుడ్లు పెట్టాయి. వాటిని చూసి తాత మళ్ళీ లాంతరు ముట్టించాడట. ఆ కథ తాత చెప్పేవాడు. ఇప్పుడు భూషణం చెప్తున్నాడు కథలు, బోటులో మైకు పెట్టుకుని. "లేడీస్ అండ్ జెంటిల్మెన్, ఒలందా రాణిగారు ఈ రాళ్ళ మీదే జలకాలాడేది!" హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు ఆ రాయితో సెల్ఫీలు. ఒడ్డున బోర్డు కూడా పెట్టారు, చారిత్రక రాళ్ళదిబ్బ, అరుదైన సముద్రపక్షులు. తాత పేరు లేదు. మేట సర్కారు లెక్కలో సముద్రమైంది కాబట్టి బోట్లు ఆపుకోవడానికి దాని అంచున కట్టె వంతెన వేసుకుంటానని లీజు రాయించుకున్నాడు భూషణం. నేలైతే బావమరిదిని అడగాలి. సముద్రమైతే ఎవణ్ణీ అడగక్కర్లేదు.

ఫోను మోగింది. కృప.

"వచ్చారా?"

"రాలేదు."

"భూషణం అన్నయ్య ఇప్పుడే చేశాడు. అవనిగడ్డలో టిఫిన్ చేస్తున్నారంట."

"ఇడ్లీలా, దోసెలా?"

"ఏంటయ్యా?"

"దోసెలైతే లేటవుద్ది."

"నీ ఎటకారం మండిపోను, నాకిక్కడ కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. నువ్వన్నా ఫోన్ చేసి మేడంగారికి చెప్పు, నీళ్ళొచ్చేస్తున్నాయని."

"చెప్పా. లైఫ్ జాకెట్లున్న బోటులోనే రావాలంట. మన పడవ పనికిరాదంట. జాకెట్లు ఎవడి దగ్గరున్నాయి?"

ఎవరి దగ్గర ఉన్నాయో ఇద్దరికీ తెలుసు. "ప్రార్థన చేస్తున్నా" అంది కృప, తప్పు ఒప్పుకున్నట్టు మెల్లిగా. సుందరరాజు ఫోను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మొదటి నురగ అప్పుడే వచ్చి బొటనవేలి గీతను తుడిచేసి వెనక్కి వెళ్ళింది.

ఈ ఏడు ఇసక కూడా ఎత్తలేదు. మాఘం వెళ్ళగానే తాటాకు బుట్టలతో ఇసక మోసి మేట నడుమ రెండు జానల ఎత్తు గట్టు పోయడం తాత పెట్టిన పద్ధతి. తెల్లపిట్టలు ఆ ఎత్తు చూసుకుని దాని మీదే గుడ్లు పెడతాయి, అమావాస్య పోటు వచ్చినా అందవు. పిట్ట లేకపోతే చేప ఎక్కడుందో ఎవడికి తెలుస్తుంది? సముద్రంలో అవి గుమిగూడి మునకలేసే చోటే వల వెయ్యాలి. అందుకని దీపం పెట్టే తమ ఇంటివాళ్ళ పని అది, ఏటా. ఈ ఏడు బస్సుల్లోనే గడిచిపోయింది. బందరు, అవనిగడ్డ, మళ్ళీ బందరు. రేపు రండి, ఎల్లుండి రండి, సార్ లంచ్‌లో ఉన్నారు. బుట్ట పట్టుకోవాల్సిన చేతులు కవర్లో కాగితాలు పట్టుకుని తిరిగాయి. పిట్టలకేం తెలుసు ఇవన్నీ, అవి నమ్మకంగా వచ్చి చదునులోనే పెట్టేశాయి. తాటిమొద్దుకు నాలుగడుగుల్లో రెండు గుడ్లు ఉన్నాయి, గవ్వ రంగులో, మచ్చలతో. తల్లి లేవడం లేదు. నురగ వచ్చి రెక్క అంచు తడిపింది. అది కొంచెం జరిగి, మళ్ళీ అక్కడే కూర్చుంది.

వంగి ఆ రెండు గుడ్లూ తీసి రాళ్ళ దగ్గర పెట్టొద్దామా అనుకున్నాడు. పెడితే ఈ మూల వదలాలి. ఈ మూల వదిలితే, సరిగ్గా అప్పుడే బోటొస్తే, ఇక్కడిదాకా నేల అని చూపించేవాడు ఉండడు. మొద్దు మునిగితే కనపడదు, మనిషి మునగడు కదా, మోకాళ్ళ దాకా వచ్చినా మనిషి నిలబడి ఉంటే ఇక్కడ లోతు లేదని ఎవరికైనా అర్థమవుతుంది. హద్దురాయి లేదన్నారు, సరే, నేనే హద్దురాయి. నిలబడ్డాడు. చీలమండలు. అష్టమినాడు ప్రైవేటు సర్వేయరు కొలిచి చెప్పినప్పుడు ఎంత సంతోషం, పచ్చి రొయ్యలు సంచీ నిండా ఇచ్చి పంపాడు. ఆ కొలత చెల్లదన్నారు, సర్కారు మిషనే కొలవాలన్నారు. పిక్కలు. చింతబరికె తగిలిన చోటిదాకా. తల్లిపిట్ట లేచింది, అరుస్తూ నెత్తి మీద చక్కర్లు కొట్టింది, తిట్టింది, తిట్టు తల్లీ, నువ్వు తిట్టాల్సిందే. గుడ్లు ఒక్కసారి తేలి, పక్కకు దొర్లి, ఇక కనపడలేదు. ఒకదాని వెంట ఒకటి మేట మీద పిట్టలన్నీ లేచాయి, తెల్లటి దుప్పటి దులిపినట్టు, రాళ్ళ మీదకు పోయి ఇరుకిరుగ్గా సర్దుకున్నాయి. వాటికి రాళ్ళన్నా ఉన్నాయి.

మోకాళ్ళ కిందిదాకా వచ్చాక బోటు చప్పుడు వినపడింది. నారింజరంగు జాకెట్లు. మైకులో పాట కూడా పెట్టాడు వెధవ.

బోటు మేట అంచుకొచ్చి ఆగింది, సుందరరాజుకు పది బారల దూరంలో. సర్వేయరమ్మ చిన్నపిల్ల. ఇరవై అయిదు దాటి ఉండవు, మెళ్ళో ఐడీ కార్డు, పేరు గాయత్రి. ఒళ్ళో నల్లపెట్టె, పసిబిడ్డలా పట్టుకుని కూర్చుంది. భూషణం స్టీరింగు దగ్గర, కళ్ళజోడు, తెల్లచొక్కా.

"అదేంటండీ, సముద్రంలో నిలబడ్డారు?" అంది ఆ పిల్ల, నిజంగానే కంగారుపడి.

"సముద్రం కాదమ్మా. పొలం. నా కాళ్ళ కింద పొలం ఉంది. చూడండి, మోకాలు కూడా మునగలేదు."

"అది నేను కాదనట్లేదండీ. కానీ నీళ్ళున్న చోట నీళ్ళనే రాయాలి. పాయింటు పొడినేల మీదే పెట్టమన్నారు. ఇంకొంచెం ముందొస్తే బాగుండేది, సారీ అండీ, టిఫిన్ దగ్గర లేటయింది."

"మధ్యాహ్నం దాకా ఉండమ్మా. మూడుగంటలకల్లా నీళ్ళు దిగిపోతాయి. ఎండుచేప పరిచినంత పొడిగా ఉంటుంది. మా ఇంట్లో భోంచేద్దురు గాని."

ఆ పిల్ల భూషణం వంక చూసింది, వాచీ వంక చూసింది. "రెండింటికి బందరులో అప్‌లోడ్ చెయ్యాలండీ. ఇవాళే లాస్ట్. పోనీ రిమార్కుల్లో రాస్తాను, పాటు సమయంలో నేల తేలునని అర్జీదారుని వాదన అని. సరేనా?"

వాదన. సుందరరాజు ఆ మాటను నోట్లోనే తిప్పుకున్నాడు. తాత వాదన. పిట్టల వాదన.

"చెప్పాగా మేడం, మావాడికి సముద్రమంటే మహా ప్రేమ, వదిలిపెట్టడు" అని నవ్వాడు భూషణం. తర్వాత గొంతు తగ్గించి, ఇంట్లో మనిషితో అన్నట్టే అన్నాడు, "ఒరే బావమరిదీ, ఇంతకంటే లోపలికి బోటు రాదు, అడుగు తగులుద్ది. రాళ్ళకు అవతలి పక్కగా తిప్పి మేడాన్ని దింపుతాను. కానీ అటు అల కొడుతోంది, మిషను తడుస్తుంది. ఇటు నిలకడగా ఉంది. నువ్వు నడిచి తీసుకొచ్చెయ్."

"తడిస్తే నా జీతంలో కోస్తారండీ, లక్షల్లో ఉంటుంది" అంది గాయత్రి. ఆ పిల్ల ముఖంలో భయం నిజమైనదే. పెట్టెను రెండు చేతులతో ముందుకు చాపింది.

అడుగు తగులుద్దట. బోటుకు అడుగు తగిలేది దేనికిరా బావా, సముద్రానికా? అనాలి. ఆ పెట్టె అందుకోకుండా చేతులు కట్టుకుని నిలబడాలి. లేదా అందుకుని వదిలెయ్యాలి, ఒక్క వేలు సడలిస్తే చాలు. ఇదంతా అనుకుంటూ ఉండగానే కాళ్ళు నడిచి బోటు దగ్గరకు వెళ్ళాయి, చేతులు పెట్టెను అందుకున్నాయి, తలపాగా చుట్టలా సర్దుకుంది, పెట్టె తల మీదకెక్కింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకుండానే మెడ దాని బరువు తెలుసుకుని నిటారుగా నిలిచింది. "జాగ్రత్తండీ" అంది ఆ పిల్ల. "తడవదమ్మా" అంది సుందరరాజు నోరు. బోటు పాట పెట్టుకుని రాళ్ళ చుట్టూ తిరిగి వెళ్ళింది.

రాళ్ళ దాకా నడిచాడు, కుదుపు లేకుండా, అలవాటైన నడక. అరికాలి కింద గవ్వలు తెలుస్తున్నాయి, ఇదివరకు కృప చేపలు పరిచిన చోటు తెలిసింది, పాత గట్టు మిగిల్చిన చిన్న ఎత్తు తెలిసింది, అక్కడ ఒక జాన పైకి లేచి మళ్ళీ దిగాడు. ఒకచోట మెత్తగా ఏదో వేలికి తగిలి పగిలింది, కిందకు చూడటానికి లేదు, తల మీద పెట్టె ఉంది. రాళ్ళ మీద ఆ పిల్ల చెయ్యి చాపి నిలబడి ఉంది. చుక్క నీరు తగలకుండా దాటించాడు, మునిగి ఉన్న తన మేట ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఒక ఎకరం తొంభై నాలుగు సెంట్లు.